ఒకే కథకు ఏడు రూపాలు: పిల్లల పుస్తక సమీక్షకు ఏ చేతిపని ఎంచుకోవాలి?

డైరీలో ఒక్క వాక్యం ఉంటుంది: "సోమవారానికల్లా ఒక కథల పుస్తకం చదివి, చేత్తో తయారుచేసిన సమీక్ష తేవాలి." అది చదవగానే ఇంట్లో హడావిడి మొదలవుతుంది. అమ్మ ఫోనులో వీడియోలు వెతుకుతుంది. నాన్న బండి తీసి చార్టులు, మెరుపు కాగితాలు, థర్మోకోల్ పలకలు కొనుక్కొస్తాడు. పుస్తకం మాత్రం సంచిలోనే ఉండిపోతుంది.

సికింద్రాబాద్‌లో మా కాలనీ పిల్లల కోసం ఆదివారం మధ్యాహ్నాలు ఒక చిన్న పుస్తకాల గది నడుపుతున్నాను. ఈ ప్రాజెక్టులన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వచ్చి చేరతాయి. ఒకసారి నాలుగో తరగతి బాబు ఒకడు తన ఎత్తులో సగం ఉన్న థర్మోకోల్ కోటను మోసుకొచ్చాడు. బురుజులు, జెండాలు, కందకంలో మొసలి, అన్నీ ఉన్నాయి. "ఈ కోటలో ఎవరుంటారు నాన్నా?" అని అడిగితే వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. చేతిపని మీద నాకున్న ప్రేమ ఆ రోజు తగ్గలేదు. ఏ చేతిపని ఏ పిల్లవాడికి, ఏ పుస్తకానికి నప్పుతుందన్న ప్రశ్న మాత్రం అప్పటినుంచి నన్ను వదల్లేదు.

ముందు ఏమి చూడాలి?

అందం సంగతి చివర చూద్దాం. నేను మొదట అడిగేది ఒకటే: ఇది పూర్తి కావాలంటే పిల్లవాడు పుస్తకాన్ని ఎన్నిసార్లు మళ్లీ తెరవాలి? ఒకసారి చదివి, మూసి, ఆపైన రంగులు వేసుకుంటూ కూర్చుంటే సరిపోయే పని బొమ్మల పని. అందులో తప్పు లేదు, కానీ అది పుస్తక సమీక్ష కాదు. మంచి రూపం "ఆ ఎలుక అప్పుడు ఏమంది?" అని పిల్లవాణ్ణి మళ్లీ పేజీల్లోకి పంపుతుంది.

రెండోది చేతులు. మూడో తరగతి పిల్లలు కత్తెర పట్టగలరు, కట్టర్ పట్టలేరు. పెద్దవాళ్లు సగానికి మించి చేయవలసి వచ్చే రూపాన్ని మొదటే పక్కన పెట్టాలి.

మూడోది ప్రయాణం. హైదరాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు. ఇరుకు ఆటో, ఒళ్లో సంచులు, జూలై ఆగస్టుల్లో వాన. సంచిలో పట్టని వస్తువు బడికి క్షేమంగా చేరడం కష్టం.

నాలుగోది రాత. తెలుగు గబగబా రాయగల పిల్లలున్నారు. ఇంట్లో చక్కగా మాట్లాడుతూ, రాయమంటే ఆగిపోయే పిల్లలూ ఉన్నారు. 2018లో చట్టం వచ్చాక తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు నేర్పవలసిందే కాబట్టి, ఈ రెండో రకం పిల్లలకు కూడా తెలుగు పుస్తకం మీద సమీక్ష రాసే పని పడుతోంది. వాళ్లకు కొద్ది మాటలతో ఎక్కువ చెప్పగల రూపం కావాలి.

ఖర్చు గురించి వేరే చెప్పనక్కరలేదు. కింద చెప్పిన ఏ రూపానికైనా ఒక చార్టు, జిగురు, ఇంట్లో ఉన్న పాత అట్టలు చాలు.

పోల్చడం తేలికగా ఉండాలని అన్నిటినీ ఒకే కథతో చూపిస్తాను: మిత్రలాభం. గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు, దాని మీద లఘుపతనకుడనే కాకి, నూకలు చల్లి వల పన్నిన వేటగాడు, పావురాల రాజు చిత్రగ్రీవుడు, వలతో సహా ఎగిరిపోయిన అతని పావురాలు, కలుగులోంచి వచ్చి ఆ వల కొరికిన హిరణ్యకుడనే ఎలుక. చాలామంది పెద్దలు చిన్నప్పుడు తెలుగు వాచకంలో చదువుకున్న కథ ఇది.

1. ఒకే కాగితంతో చిట్టి పుస్తకం

ఎ4 కాగితాన్ని ఎనిమిది గళ్లు వచ్చేలా మడవాలి. విప్పి, నడిమి పొడుగు మడత మీద మధ్య రెండు గళ్ల మేర మాత్రమే కత్తిరించి, మళ్లీ మూయాలి. సుమారు 7.5 సెంటీమీటర్ల వెడల్పు, 10.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పుస్తకం తయారవుతుంది. జిగురు అక్కరలేదు, కుట్టు అక్కరలేదు. ముందు వెనక అట్టలు పోగా ఆరు పేజీలు మిగులుతాయి.

ఆ ఆరు పేజీలే దీని బలం. మిత్రలాభాన్ని ఆరు వాక్యాల్లో చెప్పాలంటే దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి అని పిల్లవాడు తేల్చుకోక తప్పదు. కాకిని వదిలేస్తే కథ నిలుస్తుందా? వేటగాడికి ఒక పేజీ కావాలా? లోపం కూడా అక్కడే ఉంది. మాటలు ఎక్కువున్న పిల్లలకు ఇరుకు, బొమ్మలు పెద్దగా వేసేవాళ్లకు మరీ ఇరుకు. స్కెచ్ పెన్ను రంగు కాగితం వెనక్కి దిగుతుంది కాబట్టి పెన్సిల్ రంగులే వాడాలి.

2. మడత పుస్తకం

హార్మోనియం తిత్తిలా సాగే పుస్తకం ఇది. మామూలు చార్టు 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని పొడవునా నాలుగు పట్టీలుగా కత్తిరిస్తే ఒక్కోటి సుమారు 14 సెంటీమీటర్ల ఎత్తు, 71 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. ఒక చార్టు నలుగురు పిల్లలకు సరిపోతుందన్నమాట. పట్టీని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచి, ఆ గీతల మీదుగా ముందుకూ వెనక్కూ మార్చి మార్చి మడిస్తే ఎనిమిది గళ్లు.

మడత శుభ్రంగా రావడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత గీయాలి. గీత కనిపించదు, కానీ చార్టు మీద సన్నటి గాడి పడుతుంది. ఆ గాడి దగ్గర కాగితం తనంతట తానే వంగుతుంది. మా దగ్గరికి వచ్చే చిన్నపిల్లలకు ఈ గాడి గీయడమంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఖాళీ పెన్నులు దాచిపెట్టుకుని తెస్తారు.

ఈ రూపం ప్రయాణం ఉన్న కథలకు బాగా నప్పుతుంది. పావురాలు వలతో ఎగిరిన ఆకాశం ఎనిమిది గళ్ల మీదుగా ఒకే నీలి చారలా సాగితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చిక్కేమిటంటే, పిల్లలు "తర్వాత, తర్వాత" అంటూ కథను అప్పజెప్పేసి ఊరుకుంటారు. అందుకే నేను ప్రతి గడి అడుగున రెండు వేళ్ల మేర ఖాళీ పట్టీ వదిలించి, అక్కడ ఆ పాత్ర మనసులో మాట రాయమంటాను. నూకలు చూసి చిత్రగ్రీవుడికి అనుమానం వచ్చింది. ఎందుకు వచ్చింది? మనుషులే లేని అడవిలో నూకలు ఎక్కడివి? ఆ మాట కావాలంటే పుస్తకం తెరవాల్సిందే.

3. లేచి నిలబడే బొమ్మల పుస్తకం

పాప్-అప్ అంటే పిల్లలకు వెర్రి ఇష్టం. పేజీ తెరవగానే వల పైకి లేవాలి, పావురాలు ఎగరాలి. సులువైన పద్ధతి చెబుతాను. మందపాటి కాగితాన్ని నడిమికి మడిచి, మడత వైపు నుంచి సమాన పొడవున రెండు చీలికలు ఇవ్వాలి. మధ్య ముక్కను లోపలికి నొక్కితే చిన్న మెట్టు లేస్తుంది. ఆ మెట్టు ముందు వైపున బొమ్మ అతికించాలి.

ఇక్కడ ఒక లెక్క తప్పకూడదు. చీలిక పొడవు, బొమ్మ ఎత్తు కలిపితే పేజీ వెడల్పు కంటే తక్కువ ఉండాలి. పేజీ 15 సెంటీమీటర్లు, చీలిక 4 సెంటీమీటర్లు అయితే బొమ్మ 10 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే పుస్తకం మూసినప్పుడు బొమ్మ తల బయటికి వస్తుంది. ఏడో తరగతి బాబు ఒకడు ఎంతో ఓపికగా పావురాలను చేశాడు. ఈ లెక్క నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. బస్సు దిగేసరికి అంచు దాటిన పావురాల మెడలన్నీ వంగిపోయాయి. అప్పటినుంచి కత్తెర చేతికివ్వక ముందే స్కేలు ఇస్తున్నాను.

నిజం చెప్పాలంటే ఈ రూపం మీద నాకు కొంత అనుమానం ఉంది. ఒక్కో బొమ్మను నిలబెట్టడానికి గంట పడుతుంది. ఆ గంటలో పిల్లవాడు ఆలోచించేది కాగితం గురించే కాని కథ గురించి కాదు. కథ మొత్తానికీ ఒకే ఒక్క పేజీని లేపి, మిగతావి మామూలుగా రాయిస్తే సరిపోతుంది. అప్పుడు "ఏ క్షణాన్ని లేపాలి?" అన్నదే అసలు ప్రశ్న అవుతుంది. వల లేవడమా, ఎలుక కలుగులోంచి తల పైకెత్తడమా? ఆ ఎంపికకు కారణం రెండు వాక్యాల్లో రాయమంటే సమీక్షలో మంచి భాగం అదే అవుతుంది.

4. తలుపుల ఫైలు

బడుల్లో దీన్ని లాప్‌బుక్ అంటారు. పాత అట్ట ఫైలును విప్పి, రెండు రెక్కలనూ నడిమి వరకు మడిస్తే కిటికీలా తెరుచుకుంటుంది. లోపల చిన్న చిన్న తలుపులు, జేబులు, తిరిగే చక్రాలు అతికించుకోవచ్చు. ఒక్కో తలుపు వెనక ఒక్కో విషయం. ఏడింటిలో నాకు బాగా నచ్చిన రూపం ఇదే.

కారణం చెప్పడానికి ఒక ఆదివారం సంగతి చెప్పాలి. ఆరో తరగతి అమ్మాయి మిత్రలాభాన్ని ఎంచుకుంది. హిరణ్యకుడి కలుగుకు చాలా ద్వారాలుంటాయి కదా, ఫైలు లోపలంతా మట్టిరంగు వేసి, గుండ్రటి తలుపులు తొమ్మిది పెట్టింది. ప్రతి తలుపు మీద ఒక ప్రశ్న, తెరిస్తే జవాబు. ఒక తలుపు వెనక "హిరణ్యకుడు ముందు రాజుగారి కట్లు కొరికాడు" అని రాసింది. "ఏ పేజీలో ఉందమ్మా?" అని అడిగాను. పుస్తకం తెచ్చుకుని, వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లింది. ఒకచోట వేలు ఆగింది. కాసేపటికి, "కాదు. ఎలుక రాజు కట్లే కొరకబోయింది. రాజే వద్దన్నాడు. ముందు తనవాళ్లవి కొరకమన్నాడు" అంది. పాత తలుపు మీద కొత్త తలుపు అతికించి, లోపల రెండే మాటలు రాసింది: "ముందు వాళ్లవి."

ఆ అమ్మాయి తెలుగు నెమ్మదిగా రాస్తుంది. ఒక పేజీ వ్యాసం రాయమంటే ఏడ్చేది. తలుపు వెనక రెండు మాటలే పడతాయి కాబట్టి ఆ రెండు మాటల కోసం కథంతా వెతికింది. ఫైలు చదునుగా ఉంటుంది, సంచిలో పడుతుంది, ప్లాస్టిక్ కవరులో పెడితే వానకూ భయం లేదు. లోపం ఒకటుంది: ఏ వరుసలో చదవాలో తెలియక చూసేవాళ్లు తికమకపడతారు. తలుపుల మీద అంకెలు వేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

5. చెప్పుల పెట్టెలో దృశ్యం

ఖాళీ చెప్పుల పెట్టెను పక్కకు పడుకోబెట్టి, లోపల బూరుగు చెట్టు, పక్షులు, వేటగాడు నిలబెట్టడం. ప్రదర్శనలో అందరి కళ్లూ దీని మీదే పడతాయి. కానీ కథలో ఒకే ఒక్క క్షణం కనిపిస్తుంది, రాత దాదాపు ఉండదు, సంచిలో పట్టదు. పెద్దవాళ్లు ఎక్కువగా చెయ్యి పెట్టేదీ దీనిలోనే. బడి ఇదే కావాలంటే పెట్టె మూత లోపలి వైపున "ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నాను" అని పిల్లవాడి చేత రాయించండి.

6. చుట్ట పటం

సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కళాకారులు గుడ్డ మీద కథల పటాలు వేస్తారు. గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్ద పట్టించి, ఆరాక ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు వేస్తారు. కథకులు ఆ పటాలను ఊరూరా తీసుకెళ్లి, పై నుంచి కిందికి ఒక్కో గడి విప్పుతూ కథ చెప్పేవారు. బొమ్మతో పాటు నోరూ కదలాలి. పుస్తక సమీక్షకు ఇంతకంటే సొంతమైన రూపం మనకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంట్లో చేయడం కష్టం కాదు. మడత పుస్తకానికి చెప్పిన 14 సెంటీమీటర్ల చార్టు పట్టీలు రెండు, కొన దగ్గర ఒక సెంటీమీటరు ఒకదాని మీదొకటి వచ్చేలా అతికించాలి. రెండు చివరలా రెండు పొడుగు పెన్సిళ్లు అంటించి చుట్టుకుంటే, పెన్సిలు కొనలు అటూ ఇటూ పట్టుకోవడానికి వీలుగా మిగులుతాయి. గళ్ల మధ్య పూల అంచు వేస్తే పటం కళ వస్తుంది.

పిల్లవాడు దీన్ని తరగతి ముందు విప్పుతూ చెప్పాలి. రాత రాని పిల్లలకు, మాట మీద పట్టు ఉన్న పిల్లలకు ఇది వరం. బిడియపడే పిల్లలకు మాత్రం పరీక్షే. వాళ్లతో ముందు ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో చెప్పించండి. "కాకి ఆ ఎలుకతో స్నేహం కోరితే ఎలుక ఎందుకు ఒప్పుకోలేదురా?" అని పెద్దవాళ్లు మధ్యలో అడిగే ప్రశ్నలు పిల్లల్ని మళ్లీ పుస్తకంలోకి పంపుతాయి.

7. కర్రబొమ్మలు

అట్ట బొమ్మలు కత్తిరించి ఐస్‌క్రీం పుల్లలకు అతికించి ఆడించడం. ముగ్గురు నలుగురు కలిసి చేస్తే బాగుంటుంది. సంభాషణలు ఎక్కువున్న కథలకే పనికొస్తుంది. నువ్వు నన్ను తినే జాతి, నేను నీకు తిండి, మనకు స్నేహమేమిటి అని ఎలుక కాకితో వాదించే ఘట్టం దీనికి సరిగ్గా సరిపోతుంది. సంభాషణల కాగితం కూడా బొమ్మలతో పాటు ఇవ్వాలి, లేకపోతే టీచరు చేతికి చదవడానికి ఏమీ మిగలదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| రూపం | పుస్తకం మళ్లీ తెరిపిస్తుందా | సొంతంగా చేయగల తరగతి | రాత | ప్రయాణం | సమయం |
|---|---|---|---|---|---|
| చిట్టి పుస్తకం | కొంత | 2 నుంచి | తక్కువ | జేబులో పడుతుంది | ఒక సాయంత్రం |
| మడత పుస్తకం | మనసులో మాట రాయిస్తే బాగా | 3 నుంచి | మధ్యస్థం | సులువు | రెండు సాయంత్రాలు |
| పాప్-అప్ | తక్కువ | 6 నుంచి | మధ్యస్థం | లెక్క తప్పితే కష్టం | మూడు, నాలుగు రోజులు |
| తలుపుల ఫైలు | చాలా బాగా | 4 నుంచి | కొద్దికొద్దిగా | సులువు | మూడు రోజులు |
| పెట్టె దృశ్యం | తక్కువ | 5 నుంచి | దాదాపు లేదు | చాలా కష్టం | రెండు, మూడు రోజులు |
| చుట్ట పటం | బాగా | 3 నుంచి | తక్కువ | సులువు | మూడు రోజులు |
| కర్రబొమ్మలు | సంభాషణలు రాస్తే బాగా | 3 నుంచి | మధ్యస్థం | ఫరవాలేదు | రెండు రోజులు |

తరగతులు, రోజులు మా పిల్లలను చూసి వేసిన అంచనాలు. మీ పిల్లల చేతివాటాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి.

మీ ఇంటికి ఏది?

రేపే ఇవ్వాలంటే చిట్టి పుస్తకం తప్ప మరొకటి మొదలుపెట్టకండి. రాత్రి పదింటికి పాప్-అప్ మొదలైతే పిల్లలు పడుకుంటారు, అమ్మ మేలుకుంటుంది.

బొమ్మలు వేయడం రాదని బెంగపడే పిల్లలకు తలుపుల ఫైలు ఇవ్వండి. అందులో గీయాల్సింది గుండ్రాలు, చదరాలే. బొమ్మలు బాగా వేసి, చదవడానికి బద్ధకించే పిల్లల విషయంలో జాగ్రత్త కావాలి. వాళ్లు పెట్టె దృశ్యం కోరుకుంటారు, అది వాళ్లను పుస్తకానికి ఇంకా దూరం చేస్తుంది. అలాంటి పిల్లలకు నేను మడత పుస్తకమే ఇస్తాను. బొమ్మకు చోటుంది, కింద మనసులో మాట రాయక తప్పదు.

తరగతిలో నలభై మంది ఉన్న ఉపాధ్యాయులకు ఒక మాట. అందరినీ ఒకే రూపం చేయమనకండి. రెండు మూడు రూపాలు చెప్పి, తన పుస్తకానికి ఏది నప్పుతుందో పిల్లవాడినే ఎంచుకోమనండి. దేన్ని ఎందుకు ఎంచుకున్నాడో చెప్పగలిగితే పుస్తకం చదివినట్టే.

శతక పద్యాల పుస్తకం అయితే పై ఏడూ అంతగా కుదరవు. అట్టను పొడుగాటి పట్టీలుగా కోసి, రెండు చిల్లులు పెట్టి, దారం దూర్చి తాళపత్ర గ్రంథంలా చేయించండి. పట్టీకి ఒక పద్యం, వెనకవైపు పిల్లవాడి సొంత మాటల్లో దాని అర్థం.

సామాను

పెళ్లి శుభలేఖలు పారేయకండి. చేతిపనికి అంత మంచి అట్ట బజారులో వెతికినా దొరకదు. పాత నోటుబుక్కుల అట్టలు, కొరియర్ డబ్బాలు, చీరల పెట్టెలు కూడా పనికొస్తాయి. మైదాను నీళ్లలో కలిపి సన్నని సెగ మీద ఉడికిస్తే మంచి జిగురు వస్తుంది. పల్చగా రాసి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచాలి. వానాకాలంలో ఒక రాత్రి చాలదు, రెండు రోజులు ఆరనివ్వండి, లేకపోతే చార్టు ముడుచుకుపోతుంది. థర్మోకోల్ వద్దనే అంటాను. దారిలోనే విరిగి రాలిపోతుంది, ఆ తర్వాత చెత్తలో ఏళ్ల తరబడి ఉంటుంది.

పుస్తకమే ఇంకా దొరకలేదా? ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతకండి, కోఠి దుకాణాల్లో చూడండి. 1891లో మొదలైన అసఫియా గ్రంథాలయమే నేడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అక్కడికి పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. డిసెంబరులో సమీక్ష ఇవ్వాల్సి వస్తే ఆ నెలలో జరిగే పుస్తక ప్రదర్శనలో పుస్తకాన్ని పిల్లల చేతనే ఎంపిక చేయించండి.

ఏ రూపం ఎంచుకున్నా, ముక్కలన్నీ కత్తిరించాక వెంటనే అతికించకండి. నేల మీద పరిచి, వాటిని చూపిస్తూ కథ చెప్పమనండి. ఏదో ఒకచోట పిల్లవాడు ఆగుతాడు, ఒక ముక్కను ఎత్తి ఇంకోచోట పెడతాడు, లేదా లేచి వెళ్లి పుస్తకం తెచ్చుకుంటాడు. జిగురు మూత ఆ తర్వాతే తీయండి.